పాతర పాట

“ప్రేమమ్మా” అని ఎవరు పిలిచినా సోమక్క గుండె గుభేలుమనేది. పిలిచింది తననేనని గుర్తుకు రావడానికి ఆమెకు కాస్త సమయం పట్టేది. ఆ కాస్తలోనే గుట్టు రట్టయిపోతుందని భయం. అందుకని ఎవరు ఏ ఆడమనిషిని కేకేసినా తల తిప్పి చూడడం అలవాటు చేసుకుంది. పల్లెలో ముసలమ్మలు ఆ పిల్లవి ఎంత చురుకైన చెవులోనని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలుకు కూడా ఆమె భయపడేది.

ప్రేమమ్మ ఆమె పేరు కాదు. ఏరవతల వాళ్ళ ఊళ్ళో బండి తోలుకుని బతికే క్రైస్తవుడు ఒకడుండేవాడు, జక్కయ్యని. అతని భార్య ప్రేమమ్మ. రజాకార్లు వాడకు నిప్పు పెట్టిన రోజున ఆ మొగుడూ పెళ్ళాలు ఎటు పోయారో, అసలు ఉన్నారో లేదో కూడా తెలియదు. సోమక్క, ఆమె మొగుడు మైసయ్య, చంకలో పిల్ల, కట్టుబట్టలతో పుట్టి ఎక్కి కృష్ణ దాటారు. ఇవతల రేవు పక్కన చెట్ల కింద వాళ్ళలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడ వాంతులూ భేదులూ పట్టుకుని, పొద్దున పలకరించిన మనిషి సాయంత్రానికి ఉండడం లేదు.

రెంటచింతలకు కాస్త ఎడంగా ఒక పల్లెలో మిషను గుడి ఉందని, ఏరు దాటి వచ్చిన తమవాళ్ళకు అక్కడ గింజలు పెట్టి నీడ ఇస్తున్నారని ఎవరో చెప్పారు. ‘తమవాళ్ళకు’ అన్న మాట మైసయ్య చెవిన పడింది. ఆ గుడి ముందు నిలబడి, ఉపదేశిగారు ఊరూ పేరూ అడిగితే, తన పేరు జక్కయ్య అనీ, ఇది తన భార్య ప్రేమమ్మ అనీ, తాము ప్రభువు బిడ్డలమనీ గడగడా చెప్పేశాడు. సోమక్క నేల చూపులు చూసింది. ఉపదేశి దేవసహాయంగారు మంచి మనిషి. ఎండన పడి వచ్చినవాళ్ళను గుచ్చి గుచ్చి అడగడం ఆయనకు చేతకాదు. గుడి పక్కన బడి పాక ఖాళీగా ఉందని చూపించాడు.

అప్పటి నుంచి ఆమెకు సరిగ్గా నిద్ర లేదు. ఏ ప్రార్థన ఎక్కడ ముగుస్తుందో తెలియక కళ్ళు సగం తెరిచి పక్కవాళ్ళ పెదాలు చూసేది. అయినా ఆమె ‘ఆమేన్’ అందరి తరవాత ఒంటరిగా వినపడేది. పాట పాడేటప్పుడు నోరు కదిపేది, గొంతు కలిపేది కాదు. మైసయ్య అదీ సరిగా చేసేవాడు కాదు. నోరు తెరిచి మూసేవాడు, పాట ఆగిపోయాక కూడా ఇంకో రెండుసార్లు. చూస్తే నవ్వొచ్చే సంగతే. సోమక్కకు ఏడుపొచ్చేది. బయటపడితే ఎక్కడికి పోవాలి. అవతల నిప్పు, ఇవతల రేవు దగ్గర రోగం. చంకలో పిల్ల ఇప్పుడిప్పుడే రెండు పూటలా తిని, ఒళ్ళు చేసి, బుగ్గలు నిండి తేరుకుంటోంది. ఆ బుగ్గలు చూసినప్పుడల్లా ఆమెకు ఇంకా భయమేసేది.

ఆ సంఘంలో ఒక పద్ధతుంది. ఏ ఇంట్లో వంటకు గింజ తీసినా, అందులోంచి ఒక పిడికెడు పక్కన ముంతలో వేయాలి. ఇంట్లో ఎంతుంది, తినేవాళ్ళెందరు అన్న మాట లేదు. శనివారం నాడు గ్రేసమ్మ అనే పెద్దావిడ గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ ముంతలన్నీ వంపుకుని వస్తుంది. కోతల పండుగకు అదంతా పోగేసి, పండుగ కానుకల జొన్నలు కూడా కలిపి, గుడి వెనక పాతరలో పోస్తారు. పాతరంటే నేలలో తవ్విన గింజల గొయ్యి, మూతి ఇరుకు, కింద వెడల్పు. చుట్టూ చొప్ప పేర్చి, గింజ పోసి, మూతిమీద నాపరాయి పెట్టి మట్టి మెత్తుతారు. ఆషాఢంలో, పాత గింజ అయిపోయి కొత్తగా కూలి దొరకని రోజుల్లో, దాన్ని తెరిచి పొయ్యి వెలగని ఇళ్ళకు కొలుస్తారు.

గ్రేసమ్మ సోమక్కకూ ఒక ముంత ఇచ్చింది. తనకు పెట్టిన జొన్నల్లోంచే తాను పిడికెడు తీయాలట. వాళ్ళిచ్చింది వాళ్ళకే ఇవ్వడమేం విడ్డూరమో ఆమెకు మొదట అర్థం కాలేదు. పోను పోను ఆ పిడికెడు వేసే ఘడియ కోసం ఎదురుచూడసాగింది. రోజంతా తాను చేసే పనుల్లో అబద్ధం లేనిది అదొక్కటే. ముంతలో గింజలు రాలుతున్నంతసేపూ ఆమెకు భయం వేసేది కాదు.

మైసయ్యకు ఊరికే కూర్చుని తినడం గిట్టేది కాదు. ఏరవతల దొరగారి బావి మీద ఎద్దులతో నీళ్ళు తోడే మోట తోలినవాడు. రెక్కలు తప్ప వేరే ఆస్తి లేనివాడికి రెక్కలు ముడుచుకోవడం కష్టం. ఆషాఢంలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఉపదేశిగారు, వచ్చే శనివారం పాతర తెరుస్తున్నామని, ఈ ఏడు దిగే వంతు గ్రేసమ్మ కొడుకు సుందరరావుదని చెప్పాడు. మైసయ్య లేచి నిలబడ్డాడు. ఇంతకాలం మీ గింజ తిన్నాను గనక ఈసారి నేను దిగుతానన్నాడు. గుడి అంతా సంతోషించింది. పాతర దిగినవాడు ఈ సంఘంలో మనిషే అనేది అక్కడివాళ్ళ మాట. ఎవరో లేచి వచ్చి అతని భుజం తట్టారు. ఇక తమను కదిలించేవాళ్ళు లేరని మైసయ్య ఆ పూట పాకలో చాలా రోజుల తరవాత నవ్వాడు. సోమక్క కూడా నవ్వింది. పాపం, ఆ నవ్వు శుక్రవారం దాకానే నిలిచింది.

శుక్రవారం మధ్యాహ్నం గ్రేసమ్మ పాక ముందు కూర్చుని జొన్నలు చెరుగుతూ మాటల్లో మాటగా ఆ సంగతి చెప్పింది. పాతరలో ఆవిరి ఉంటుంది. దీపం దించి చూస్తారు. వెలిగితే దిగొచ్చు. కానీ గింజ తోడేకొద్దీ కింద గుంట పడుతుంది. చెమ్మ తగిలి అడుగున గింజ మగ్గితే, కంటికి కనపడని ఆవిరి ఆ గుంటలోకి చేరుతుంది. వాసన తెలిసేలోపే మనిషి తూలిపోతాడు.

“మా ఇంటాయన అట్టనే పోయాడు,” అంది గ్రేసమ్మ, చేట ఆపకుండా. “దీపం వెలిగింది గదా అని దిగాడు. మేమందరం పైన మాట్లాడుకుంటా కూచున్నాం. మా మాటల్లో ఆయన మాట లేదని చానాసేపటి దాకా ఎవురికీ తెలవలా.”

అప్పటి నుంచి పాట పెట్టారట. పైనవాళ్ళు ఒక చరణం అంటే, కింద ఉన్నవాడు తరవాతి చరణం అందుకోవాలి. వాడి గొంతు ఆగిందంటే ఆలోచన లేదు, తాడు లాగేయడమే. ఆ పాట కోతల కీర్తన. గ్రేసమ్మ చేట పక్కన పెట్టి, ఆ కీర్తన ఏ సంఘంలోనైనా పాడేదే గదా, మీ ఆయనకు చరణాలన్నీ వచ్చుగదా అని అడిగింది.

సోమక్క తల ఊపింది. ఊపిన తల తనది కాదనిపించింది. గ్రేసమ్మ వెళ్ళిపోయాక పిల్లను ఒళ్ళో వేసుకుని మొగుడి కోసం దారి చూస్తూ కూర్చుంది. బయట పల్నాటి ఎండ రాళ్ళను పేలుస్తోంది.

మైసయ్య పొద్దువాలే వేళకు వచ్చాడు. ఆమె చెప్పిందంతా విని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. తరవాత ఒక ఉపాయం చెప్పాడు. ఇప్పుడు దిగనంటే అనుమానిస్తారు, గొంతు పోయిందంటాను, పాటకు బదులు తాడు గుంజుతాను, వాళ్ళ చరణం అయినప్పుడల్లా గుంజుతాను, సరిపోయె అన్నాడు. చెప్పేశాక తన తెలివికి తనే కాస్త మురిసిపోయాడు కూడా. మగవాళ్ళకు ఉపాయం తోస్తే ఆపద తీరిపోయినట్టే.

“ఒద్దు,” అంది సోమక్క. “నిజం చెప్దం. పాట రాదని చెప్దం.”

“చెప్తె ఊకుంటరా? మా గింజలు తిన్నది మమ్ముల మోసం జేసేటందుకేనా అని ఎల్లగొడ్తరు. పిల్లను బట్టుకోని మల్ల ఆ రేవుకే పోదమా?”

పిల్ల వాళ్ళిద్దరి మధ్యన కాళ్ళు చాపుకుని జొన్నసంకటి ముద్ద తింటోంది. ఇద్దరూ పిల్ల వంకే చూశారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

శనివారం పొద్దునే గుడి వెనక జనం చేరారు. ఆడవాళ్ళు ఖాళీ గంపలతో వచ్చారు. కొందరి ఇళ్ళల్లో ముందురోజు పొయ్యి వెలగలేదు, ఆ సంగతి మొహాల్లోనే తెలుస్తోంది. పైన మట్టి తవ్వి, నలుగురు పట్టి నాపరాయి పక్కకు దొర్లించారు. మూతిలోంచి మగ్గిన వాసన గుప్పుమంది. గాలి ఆడనిచ్చి, ఎండ బాగా ఎక్కాక ఉపదేశిగారు లాంతరు వెలిగించి తాడుతో దించాడు. అది గింజ మీద ఆనేదాకా అందరూ వంగి చూశారు. దీపం వెలుగుతూనే ఉంది.

మైసయ్య మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. గొంతు పట్టుకుని, నోరు తెరిచి, గాలి తప్ప మాట రానట్టు చూపించాడు. తాడు గుంజుతానని చేత్తో సైగ చేశాడు. ఏరవతల దొరగారి బావి దగ్గర ఏనాడూ వేషం కట్టనివాడు, ఆ పూట బాగానే కట్టాడు. సోమక్క సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకుంది.

గ్రేసమ్మకు అది నచ్చలేదు. గొంతు లేనివాడు దిగడమేంటి, సుందరరావు దిగుతాడులే అంది. మైసయ్య ఒప్పుకోలేదు. వద్దన్నట్టు చేతులు ఊపి, అప్పటికే తాడు చంకల కింద బిగించుకున్నాడు. ఇంతమంది ముందు మాటిచ్చి వెనక్కి తగ్గితే పరువుండదని అనుకుంటున్నాడని, పాపం పోనీయమని ఎవరో అన్నారు. గుంజినా తెలుస్తుంది కదా అన్నారు ఇంకొకరు. గ్రేసమ్మ సోమక్క వైపు తిరిగింది.

“ఏమమ్మాయ్, దిగమంటావా?”

చెప్పడానికి అదే సమయం. సోమక్క నోటిదాకా మాట వచ్చింది. చుట్టూ అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. చంకలో పిల్ల బరువు తెలుస్తోంది. ఆమె తల ఊపింది. అంతకన్నా పిరికిపని తన బతుకులో చేయలేదని ఆమెకు ఆ క్షణంలోనే తెలుసు.

మైసయ్య మూతిలోంచి జారి దిగాడు. ముందు కాళ్ళు, తరవాత నడుం, చివరికి తువ్వాలు చుట్టిన మెడా తలా కనపడకుండా పోయాయి. అతని తాడు సుందరరావు చేతిలో ఉంది. గంప తాడు వేరే ఇద్దరి చేతుల్లో ఉంది. ఉపదేశిగారు కీర్తన ఎత్తాడు. అందరూ అందుకున్నారు. మొదటి చరణం అయింది. తాడు టక్కున రెండుసార్లు గుంజుకుంది. సుందరరావు తల ఊపి, ఉన్నాడన్నాడు. మొదటి గంప నిండుగా పైకి వచ్చింది. ఎర్రటి జొన్నలు గోనె మీద పోస్తుంటే ఆడవాళ్ళు గంపల్ని ముందుకు జరుపుకున్నారు.

సోమక్క ఆ జొన్నల వంక చూడలేదు. తాడు వంకే చూస్తోంది. చరణం తరవాత చరణం. ప్రతిసారీ రెండు గుంజులు, పొట్టివి, కోపంగా ఉన్నట్టుండేవి. అది మైసయ్య చేయి. మోట దగ్గర ఎద్దుల పగ్గం కూడా అలాగే గుంజేవాడు. ఆ చేతిని ఆమె చీకట్లో కూడా గుర్తుపడుతుంది. గంపలు వస్తున్నాయి, పోతున్నాయి. గింజ తగ్గేకొద్దీ గంప తాడు ఇంకా ఇంకా కిందికి పోతోంది. అంటే గుంట లోతవుతోంది. గ్రేసమ్మ చెప్పిందంతా ఆమెకు ఒక్కో మాటగా గుర్తొస్తోంది. కీర్తన పాడేవాళ్ళ గొంతులు చెవుల్లో హోరుగా వినపడుతున్నాయి.

ఇంకో చరణం ముగిసింది. తాడు కదలలేదు. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. అప్పుడు తాడు కదిలింది. ఒక్కసారే, మెల్లగా, బరువుగా కిందికి సాగి, ఆగింది.

“గుంజాడు,” అన్నాడు సుందరరావు. జనం తరవాతి చరణం అందుకున్నారు.

అది గుంజడం కాదని సోమక్కకు తెలుసు. అది ఒరిగిపోవడం. ఆమె గబగబా వెళ్ళి, పైకి లాగమంది. సుందరరావు, గుంజాడు గదా అక్కా, నేను చూస్తానే ఉన్నానన్నాడు. లాగమని ఆమె మళ్ళీ అంది. ఉపదేశిగారు పాడుతూనే చేయెత్తి, ధైర్యంగా ఉండమ్మా అన్నట్టు సైగ చేశాడు. మొగుడు గోతిలో ఉంటే ఏ ఆడదైనా కంగారు పడుతుందని, కాస్త పక్కకు కూర్చోబెట్టమని ఎవరో అన్నారు. ఎవరో ఆమె భుజం పట్టుకున్నారు. మంచివాళ్ళే, మంచిగానే పట్టుకున్నారు. అతన్ని పిలిచి చూద్దామన్నా లాభం లేదు. గొంతు పోయినవాడు పలకకపోతే ఎవరికి అనుమానమొస్తుంది.

సోమక్క చంకలోని పిల్లను పక్కనున్న ఆడమనిషి చేతుల్లో పడేసింది. పాతర మూతి దగ్గర మోకాళ్ళ మీద పడింది. పెళ్ళయిన నాటి నుంచి నోట పలకని మొగుడి పేరు, ఈ పల్లెలో ఎవరూ వినని పేరు, గొంతు చించుకుని పిలిచింది.

“మైసయ్యా!”

పాట ఆగిపోయింది. కింద నుంచి ఏ చప్పుడూ లేదు. ఆమె రెండోసారి పిలిచింది. తల తిప్పి, ఎవరి మొహమూ చూడకుండా అందరికీ చెప్పింది.

“ఆయన గొంతు బాగనే ఉన్నది. మీ పాట రాదు, అంతే. మేము మీ దేవుని మనుషులం గాదు, అబద్ధమాడినం. ఆయన పలుకగలడు, పలుకుతలేడు. గుంజుండ్రి.”

సుందరరావు అప్పటికే లాగుతున్నాడు. గంప తాడు పట్టుకున్నవాళ్ళు దాన్ని వదిలేసి వచ్చి ఈ తాడు పట్టారు. పైకొచ్చిన మనిషి తల వేలాడుతోంది, పెదాలు నల్లబడ్డాయి. వేపచెట్టు నీడన పడుకోబెట్టి, తాడు విప్పి, మొహాన నీళ్ళు కొట్టారు. ఇద్దరు ఆడవాళ్ళు చేటలతో విసిరారు. గ్రేసమ్మ అతని రొమ్ము మీద చేయి వేసి అలాగే ఉంచింది. ఆమె మొహం చూడడానికి అక్కడ ఎవరికీ ధైర్యం లేకపోయింది. కొంతసేపటికి మైసయ్య దగ్గాడు. పక్కకు తిరిగి కక్కుకున్నాడు. మెల్లగా కళ్ళు తెరిచి, సోమక్కను చూసి, ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలా మళ్ళీ మూసుకున్నాడు.

బతికాడు. సోమక్క ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరితోనే రెండో భయం లోపలికి వచ్చింది. జనం ఆమెనే చూస్తున్నారు. ఎవరో వెనక నుంచి, ఇన్నాళ్ళూ మనల్ని మోసం చేశారా అన్నారు. ఉపదేశిగారు దగ్గరకు వచ్చి, నువ్వన్నది నిజమేనా అమ్మా అని మెల్లగా అడిగాడు. ఆమె తల ఊపింది. పిల్లను వెనక్కి తీసుకుంది. పాకలో తమవంటూ ఏమున్నాయో మనసులో చూసుకుంది. ఒక చీర, ఒక గొంగడి, ఆ ముంత. ముంత తమది కాదు, దాన్ని అక్కడే వదిలేయాలి. మొగుడు నడవగలిగే దాకా ఉండనిస్తారో లేదో అడగాలనుకుంది.

గ్రేసమ్మ లేచి వచ్చింది. వచ్చి సోమక్క భుజాలు రెండూ పట్టుకుని కుదిపేసింది. ముసలి చేతుల్లో అంత బలముందని ఎవరూ అనుకోలేదు.

“పేరు మార్చుకుంటే మార్చుకున్నావు. గొంతు లేదని ఎందుకు చెప్పించావే? ఆ పాట దేవుడి కోసం అనుకున్నావా? తాడు పట్టుకున్నోడి కోసం. కీర్తన రాకపోతే ఇంకోటి పాడుకునేవోళ్ళం. ఏ పాటైతే ఏంది? మనిషి ఉన్నాడని తెలిస్తే చాలు గదా.”

గ్రేసమ్మ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఎప్పుడో ఆ గోతిలో పోయిన మొగుడి మీద పడవలసిన కోపమంతా సోమక్క మీద పడినట్టుంది. సోమక్క తల దించుకునే, తమను ఎప్పుడు పొమ్మంటారని అడిగింది.

గ్రేసమ్మకు మొదట ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక విసుక్కుంది.

“పిడికెడు తీసేటప్పుడు అది ఎవురి నోట్లోకి పోయిద్దో మాకు తెలిసా? తెలుసుకోని తీస్తే అది పిడికెడు ఎట్టయిద్ది?”

వెనక గుసగుసలు ఇంకా ఉన్నాయి. అందరి మనసులూ ఒక్కసారే కుదుటపడవు, ఆ పల్లె స్వర్గమేం కాదు. అందరూ ఉపదేశిగారి వంక చూశారు. ఆయన కాసేపు గోనె మీది జొన్నల్ని చూశాడు, కాసేపు ఖాళీ గంపల్ని చూశాడు. తరవాత పంచె దులుపుకుని, పొద్దెక్కుతోంది, మిగిలిన గింజ సంగతి చూడండన్నాడు. అంతకంటే పెద్ద తీర్పు ఆయన చెప్పలేదు.

నిజానికి సగం గంపలు ఖాళీగానే ఉన్నాయి. అడుగు గింజ అలాగే వదిలేస్తే రెండు వానలకు మొలకెత్తి కుళ్ళిపోతుంది. వేప మండలు కట్టకట్టి తాడుతో దించి, పైకీ కిందికీ ఊపి ఊపి ఆవిరిని కదిలించారు. తడి గోనెలు దించి విసిరారు. మళ్ళీ లాంతరు దించి, ఈసారి గుంట అడుగు దాకా పోనిచ్చి చూశారు. చాలాసేపు అలాగే ఉంచారు. దీపం వెలిగే ఉంది. సుందరరావు చొక్కా విప్పి తాడు కట్టుకున్నాడు.

ఉపదేశిగారు కీర్తన ఎత్తబోయాడు. గ్రేసమ్మ ఆయన్ని ఆపింది. సోమక్కను చేయి పట్టి లాక్కొచ్చి పాతర మూతి దగ్గర కూర్చోబెట్టి, పక్కనే తాను కూర్చుంది. మీ మొగుడు పనిలో పాడుకునే పాట ఏదో ఉంటుందిగా, ఎత్తు అంది. సుందరరావుకు రాదని సోమక్క గొణిగింది. వాడికి రాకపోతే నేర్చుకుంటాడు, గొంతు వాడికీ ఉందిగా అంది గ్రేసమ్మ.

సోమక్క పాతర మూతి వైపు చూసింది. ఇందాకటి భయం తన మొగుడి కోసం. ఇప్పుడు గోతిలోకి దిగుతున్నది ఇంకొకరి కొడుకు. ఒకసారి మొగుణ్ణి ఈ గోతికి ఇచ్చిన మనిషి, ఉన్న ఒక్క కొడుకును, పొద్దుటిదాకా అబద్ధమాడిన తన పాట మీద దించుతోంది. సుందరరావు తల మూతిలో మాయమైంది. ఆమె కళ్ళు మూసుకుని ఎత్తింది. గొంతు వణికింది, అయినా వచ్చింది.

“వాలు దిగురా ఎద్ద, వంగి దిగురా,
నిండి వస్తది మోట, నిలిచి చూడరా.”

కింద నుంచి సుందరరావు గొంతు బోలుగా వచ్చింది. మాటలు తప్పాడు, రాగం అసలే లేదు. వస్తది అనవలసిన చోట వచ్చిద్ది అన్నాడు. పైన ఎవరో కిసుక్కున నవ్వారు. వేపచెట్టు కింద పడుకున్న మైసయ్య, లేవలేక, తల మాత్రం ఎత్తి, అట్ల కాదని బలహీనంగా సరిచేశాడు. సోమక్క మళ్ళీ ఎత్తింది. ఈసారి చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు అందుకున్నారు. ఇంకోసారికి ఇంకొందరు. మిషను గుడి వెనక, ఉపదేశిగారితో సహా, అందరూ ఏరవతల మోట పాట పాడుతున్నారు. గంపలు పైకి వస్తున్నాయి.

మిగిలిన గంపల్లో సగం నిండాక, ఆమె చరణం అన్నది, జవాబు రాలేదు.

చుట్టూ గొంతులన్నీ ఒక్కసారి తెగిపోయాయి. తాడు పట్టుకున్నవాళ్ళు కాళ్ళు నేలకు తన్నిపెట్టారు. గ్రేసమ్మ చేయి వచ్చి సోమక్క మణికట్టును పట్టుకుంది. ఆ చేయి మంచులా ఉంది, గడగడా వణుకుతోంది. ఇంతసేపూ తనొక్కతే భయపడుతున్నానని సోమక్క అనుకుంది. ఆ ముసలామె పొద్దుటి నుంచీ, కాదు, ఎన్నో ఏళ్ళ నుంచీ ఇలాగే వణుకుతోందని, వణుకుతూనే గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోందని ఆమెకు అప్పుడు తెలిసింది.

కింద నుంచి పెద్ద తుమ్ము వినపడింది. దుమ్ము పోయింది ముక్కులోకి అని సుందరరావు అరిచాడు. ఆ వెంటనే పాట అందుకున్నాడు, మళ్ళీ తప్పుగా.

జనం ఊపిరి పీల్చుకున్నారు. గ్రేసమ్మ చేయి మాత్రం వదల్లేదు. గోతిలోకే చూస్తూ, పక్కనున్న మనిషికి మాత్రమే వినపడేటట్టు, నీ అసలు పేరేందని అడిగింది. సోమక్క చెప్పింది.

“ఆపమాక సోమక్కా,” అంది గ్రేసమ్మ. “పాడు.”